రాగి తాకితే క్రిమి చస్తుందా?



ఈ పాఠంలో రాగి గురించి చదువుకుందాం. రాగి మనకు కొత్తది కాదు. రాగి చెంబు, రాగి బిందె, ఇత్తడి కాగు, కంచు గిన్నె మన పెద్దలు వాడినవే. పెంబర్తి, బుడితి, అజ్జరం ఊళ్ల పేర్లు చెప్పగానే ఇత్తడి పని గుర్తుకొస్తుంది. స్టీలు, ప్లాస్టిక్ వచ్చాక రాగి, ఇత్తడి అటక ఎక్కాయి. చాలామంది వాటిని పాత సామాన్లకు అమ్మేశారు. ఇప్పుడు మళ్లీ రాగి సీసాలు అంగళ్లలోకి వచ్చాయి.

"రాగి చెంబులో నీళ్లు తాగితే ఏ రోగమూ రాదు" అని కొందరు అంటారు. "అదంతా ఉత్త మాట" అని కొందరు కొట్టిపారేస్తారు. ఎవరి మాట నిజం?

రెండు మాటల్లోనూ కొంచెం నిజం ఉంది. కొంచెం తప్పూ ఉంది. ఏది ఎంతవరకు నిజమో తెలుసుకోవాలి. తెలియకపోతే ఏమవుతుంది? రాగిని నమ్మి నీళ్లు కాచడం మానేస్తాం. మంచిదే కదా అని పసిపిల్లల పాలు ఇత్తడి గిన్నెలో కాస్తాం. రెండూ ప్రాణం మీదికి తెచ్చేవే.

1. కంటికి కనపడని శత్రువు

చాలా రోగాలు క్రిముల వల్ల వస్తాయి. ఈ క్రిములు కంటికి కనపడవు. సూక్ష్మదర్శినిలో చూస్తేనే కనపడతాయి. అందుకే వాటిని సూక్ష్మజీవులు అంటారు.

క్రిమికి కాళ్లు లేవు. అది ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి ఎలా వెళుతుంది? నీళ్లలో వెళుతుంది. గాలిలో వెళుతుంది. ఈగ మీద ఎక్కి వెళుతుంది. మన చేతుల మీద ఎక్కి కూడా వెళుతుంది.

ఒక ఆస్పత్రిని తలచుకోండి. రోగి మంచం కడ్డీ పట్టుకుంటాడు. చూడవచ్చిన తమ్ముడు అదే కడ్డీ మీద చెయ్యి వేస్తాడు. నర్సు సెలైన్ స్టాండు జరుపుతుంది. అదే చేత్తో పక్క మంచం రోగిని ముట్టుకుంటుంది. తలుపు పిడిని రోజుకు ఎన్ని వందల చేతులు తాకుతాయో లెక్క లేదు. ఒక్క చేతికి ఉన్న క్రిమి అలా అందరికీ చేరుతుంది.

అందుకే ఒక జబ్బుతో ఆస్పత్రికి వెళ్లిన మనిషికి అక్కడ ఇంకో జబ్బు అంటుకోవడం ఉంది. కాన్పు అయిన తల్లికి జ్వరం వస్తుంది. ఆపరేషన్ కుట్లలో చీము పడుతుంది. ఇలాంటి క్రిముల్లో కొన్ని మందులకు కూడా లొంగవు.

మరి మంచం కడ్డీయే క్రిమిని చంపేస్తే? తలుపు పిడే క్రిమిని చంపేస్తే? ఈ ఆలోచనతోనే శాస్త్రవేత్తలు రాగిని పరీక్షించారు.

2. తలుపు పిడి చెప్పిన సంగతి

అమెరికా దేశంలో ఈరీ అనే పట్టణం ఉంది. అక్కడి ఆస్పత్రిలో ఫిల్లిస్ కూన్ అనే శాస్త్రవేత్త పని చేసేది. ఆస్పత్రి శుభ్రత గురించి సిబ్బందికి పాఠాలు చెప్పేది. క్రిములు ఎక్కడెక్కడ ఉంటాయో వాళ్లకు చూపించాలి. అందుకని తలుపు పిడులను దూదిపుల్లతో తుడిపించి పరీక్ష చేయించింది.

ఆ ఆస్పత్రిలో రెండు రకాల పిడులు ఉండేవి. కొన్ని ఇత్తడివి. కొన్ని స్టీలువి. స్టీలు పిడి తళతళ మెరుస్తుంది. ఇత్తడి పిడి మాసినట్టు కనపడుతుంది. క్రిములు ఎక్కడ ఎక్కువ ఉంటాయి అంటే మనం ఇత్తడి మీదే అంటాం.

కానీ జరిగింది వేరు. స్టీలు మీద క్రిములు విపరీతంగా ఉన్నాయి. ఇత్తడి మీద చాలా తక్కువ ఉన్నాయి.

ఇత్తడి అంటే ఏమిటి? రాగి, తుత్తునాగం కలిపి కరిగించిన లోహం. ఆ పిడుల్లో 100 పాళ్లకు 67 పాళ్లు రాగి. స్టీలులో ఎక్కువ భాగం ఇనుము.

అప్పుడు ఆమె చిన్న చిన్న లోహపు రేకులు తీసుకుంది. వాటి మీద క్రిములు వేసి ఎండబెట్టింది. ఎంతసేపు బతుకుతాయో చూసింది.

రాగి రేకు మీద కొన్ని రకాల క్రిములు 15 నిమిషాల్లోనే చచ్చాయి.

ఇత్తడి రేకు మీద 7 గంటలలోపు చచ్చాయి.

అప్పుడే తోమిన ఇత్తడి మీద 1 గంటలో చచ్చాయి.

స్టీలు మీద, అల్యూమినియం మీద మాత్రం 8 రోజుల తర్వాత కూడా బాగా బతికే ఉన్నాయి. మూడు వారాల తర్వాత కూడా చాలా రకాలు బతికే ఉన్నాయి.

ఈ సంగతులు 1983లో అచ్చయ్యాయి. ఆస్పత్రులను బాగు చేసేటప్పుడు పాత ఇత్తడి సామాను పీకేయవద్దని ఆమె సలహా చెప్పింది. స్టీలు ఉంటే దాన్ని రోజూ మందునీళ్లతో శుభ్రం చేయాలని చెప్పింది.

ఇక్కడ ఒక మాట గమనించండి. మాసిన ఇత్తడికి 7 గంటల దాకా పట్టింది. తోమిన ఇత్తడికి 1 గంట చాలింది. అంటే రాగి బలం రాగిలోనే లేదు. తోమే చేతిలో కూడా ఉంది.

3. రాగి ఎలా చంపుతుంది?

రాగిలో మంత్రం లేదు. జరిగే పని ఇది.

క్రిమి రాగి మీద పడుతుంది. దాని చుట్టూ కొంచెం తడి ఉంటుంది. ఆ తడిలోకి రాగి నుంచి చాలా చిన్న కణాలు ఊడి వస్తాయి. అవి క్రిమి పైపొరను దెబ్బ తీస్తాయి. చిల్లు పడ్డ బిందె నీళ్లు కారినట్టు, క్రిమి లోపలి సారం బయటికి కారిపోతుంది. రాగి కణాలు లోపలికి కూడా చొరబడతాయి. క్రిమి తన లాంటి మరో క్రిమిని పుట్టించడానికి ఉన్న సరంజామాను పాడు చేస్తాయి. ఇక అది బతకదు, పెరగదు.

దీన్నిబట్టి మూడు సంగతులు తెలుస్తాయి.

ఒకటి. క్రిమి రాగిని తాకాలి. మధ్యలో జిడ్డు, మట్టి, రంగు, వార్నిష్ ఉంటే రాగి ఏమీ చేయలేదు. రాగి పాతబడి గోధుమ రంగుకు తిరిగితే ఫరవాలేదు. జిడ్డు పడితేనే నష్టం.

రెండు. టైము కావాలి. ముట్టుకోగానే చావదు.

మూడు. రాగి తన మీద పడ్డ క్రిమిని మాత్రమే చంపుతుంది. గదిలో ఉన్న క్రిమిని, మన చేతిలో ఉన్న క్రిమిని చంపదు.

కరోనా కాలంలో కూడా ఇలాంటి పరీక్ష చేశారు. 2020లో అమెరికా శాస్త్రవేత్తలు కరోనా వైరస్‌ను రకరకాల వస్తువుల మీద వేసి చూశారు. రాగి మీద 4 గంటల తర్వాత బతికిన వైరస్ దొరకలేదు. అట్టపెట్టె మీద 24 గంటల తర్వాత దొరకలేదు. స్టీలు, ప్లాస్టిక్ మీద 2, 3 రోజుల దాకా దొరికింది. అయితే 4 గంటలు కూడా తక్కువ టైము కాదు. ఆ లోపల ఎన్ని చేతులు తాకుతాయో ఆలోచించండి.

4. ఆస్పత్రి మంచానికి రాగి తొడుగు

ఇంగ్లండులో బర్మింగ్‌హాం నగరం ఉంది. అక్కడి సెల్లీ ఓక్ ఆస్పత్రిలో రాగితో ఒక పరీక్ష చేశారు. కుళాయి పిడులకు, మరుగుదొడ్డి సీటుకు, తలుపు నెట్టే రేకుకు రాగి పెట్టారు. మామూలు వాటితో పోల్చి చూశారు. ఫలితాలు 2010లో అచ్చయ్యాయి. మామూలు వాటి మీద 100 క్రిములు ఉంటే, రాగి వాటి మీద 10 కంటే ఎక్కువ లేవు. కొన్నిటి మీద అసలు లేవు.

అంతకు ముందే, 2008లో, అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ రాగికి ఒక గుర్తింపు ఇచ్చింది. కొన్ని రకాల క్రిముల్లో 100కి 99.9 వంతులు 2 గంటల్లో చస్తాయని చెప్పుకోవడానికి అనుమతి ఇచ్చింది. దాంతోపాటు షరతులు కూడా పెట్టింది. రాగిని క్రమం తప్పకుండా శుభ్రం చేయాలి. దాని మీద రంగు, మైనం, వార్నిష్ పూయకూడదు. రాగి ఉంది కదా అని మామూలు శుభ్రత మానకూడదు.

కానీ ఇంకో ప్రశ్న ఉంది. కడ్డీ మీద క్రిములు తగ్గాయి, సరే. రోగులకు రోగాలు తగ్గాయా? అసలు సంగతి అదే కదా!

అది తేల్చడానికి అమెరికాలోనే మూడు ఆస్పత్రుల్లో ఒక పెద్ద పరీక్ష చేశారు. రెండు ఆస్పత్రులు చార్ల్స్‌టన్ పట్టణంలో ఉన్నాయి. ఒకటి న్యూయార్కులో ఉంది. ప్రాణాపాయంలో ఉన్న రోగులను ఉంచే గదులు ఎంచుకున్నారు. 8 గదుల్లో రాగి పెట్టారు. 8 గదులు మామూలుగా ఉంచారు. గది మొత్తం రాగి చేయలేదు. చేతులు ఎక్కువగా తాకే ఆరు వస్తువులకు మాత్రమే రాగి పెట్టారు. మంచం కడ్డీ, రోగి ముందు బల్ల, సెలైన్ స్టాండు, చూడవచ్చినవాళ్ల కుర్చీ చేతులు, నర్సును పిలిచే మీట, కంప్యూటర్ దగ్గర చెయ్యి తాకే చోటు. 2010 జులై నుంచి 2011 జూన్ దాకా పరీక్ష జరిగింది. ఫలితాలు 2013లో అచ్చయ్యాయి.

5. లెక్క చేద్దాం

మామూలు గదుల్లో ఉన్న రోగులు 320 మంది. ఆస్పత్రిలో కొత్త రోగం అంటుకున్నవాళ్లు 26 మంది.

రాగి గదుల్లో ఉన్న రోగులు 294 మంది. కొత్త రోగం అంటుకున్నవాళ్లు 10 మంది.

రోగుల సంఖ్య రెండు చోట్లా ఒకటి కాదు. కాబట్టి 26ను, 10ని నేరుగా పోల్చకూడదు. 100 మందికి ఎందరో లెక్క కట్టాలి.

మామూలు గదులు: 26 × 100 ÷ 320 = 8.1

రాగి గదులు: 10 × 100 ÷ 294 = 3.4

అంటే మామూలు గదుల్లో 100 మందికి 8 మంది కొత్త రోగం పాలయ్యారు. రాగి గదుల్లో 100 మందికి 3 మందే పాలయ్యారు. సగానికి పైగా తగ్గింది.

ఇది గొప్ప సంగతే. కానీ ఒక్క పరీక్షతో తీర్పు చెప్పకూడదు. చిలీ అనే దేశం ఉంది. ప్రపంచంలో అన్ని దేశాల కంటే ఎక్కువ రాగి తవ్వేది అక్కడే. అక్కడ ఒక పిల్లల ఆస్పత్రిలో కూడా ఇలాంటి పరీక్ష చేశారు. ఫలితాలు 2016లో అచ్చయ్యాయి. అక్కడ రోగాలు కొంచెమే తగ్గాయి. అది రాగి వల్లే తగ్గిందని గట్టిగా చెప్పడానికి ఆ తేడా చాలలేదు.

కాబట్టి మనం ఇలా చెప్పుకోవచ్చు. రాగి మీద క్రిములు చస్తాయి. ఇందులో అనుమానం లేదు. దానివల్ల ఆస్పత్రిలో రోగాలు తగ్గవచ్చు. ఎంత తగ్గుతాయి అనేది అన్ని చోట్లా ఒకలాగా లేదు.

6. రాగి బిందెలో నీళ్లు

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. రాగి బిందెలో పోసిన నీళ్ల సంగతి ఏమిటి?

దీన్ని మన దేశంలోనే పరీక్షించారు. బెంగుళూరులోని శాస్త్రవేత్తలు ఈ పని చేశారు. ఫలితాలు 2012లో అచ్చయ్యాయి. వాళ్లు తాగే నీళ్లలో కావాలని రోగ క్రిములు కలిపారు. కలరా క్రిమి, టైఫాయిడ్ క్రిమి, రక్త విరేచనాల క్రిమి, ఇంకా నీళ్ల విరేచనాలు పట్టించే క్రిమి. ఆ నీళ్లను రాగి కుండల్లో పోశారు. పోల్చడానికి కొన్ని గాజు సీసాల్లో పోశారు. 16 గంటలు కదల్చకుండా ఉంచారు.

16 గంటల తర్వాత రాగి కుండ నీళ్లలో బతికిన క్రిమి ఒక్కటి కూడా దొరకలేదు.

నీళ్లలోకి రాగి ఎంత దిగిందో కూడా కొలిచారు. లీటరుకు 1 మిల్లీగ్రాములో అయిదో వంతు కూడా లేదు. లీటరుకు 2 మిల్లీగ్రాముల దాకా ఉండవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కాబట్టి ఆ నీళ్లు తాగితే భయం లేదు.

అయితే టైము దగ్గరే మనం పొరపాటు పడుతున్నాం. చాలా ఇళ్లల్లో రాత్రి 9 గంటలకు రాగి చెంబు నింపుతారు. తెల్లవారి 5 గంటలకు తాగుతారు. ఎన్ని గంటలు అయింది? వేళ్ల మీద లెక్క పెట్టండి. 8 గంటలే. పరీక్షలో పట్టిన టైము 16 గంటలు. అంటే సగమే అయింది.

16 గంటలు కావాలంటే ఎప్పుడు నింపాలి? సాయంత్రం 4 గంటలకు నింపాలి. మరునాడు పొద్దున 8 గంటలకు వాడుకోవాలి.

ఇంకో సంగతి. పరీక్షలో కుండలు శుభ్రమైనవి. నీళ్లు తేటగా ఉన్నవి. మన చెరువు నీళ్లలో, వానాకాలం బావి నీళ్లలో మట్టి ఉంటుంది. మట్టి చాటున దాగిన క్రిమిని రాగి తాకలేదు.

రాగి చేయలేని పని కూడా ఉంది. నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడు నీళ్ల బాధ మనకు తెలుసు. ఎముకలు వంకర పోతాయి. పళ్లు గార పడతాయి. ఫ్లోరైడు క్రిమి కాదు. అది నీళ్లలో కరిగిన పదార్థం. రాగి బిందె దాన్ని తీయలేదు. పురుగుమందు కలిసిన నీళ్లను కూడా రాగి బాగు చేయలేదు.

7. రైతుకు తెలిసిన రాగి

నిమ్మ, బత్తాయి, తమలపాకు తోటలు పెంచే రైతులకు మైలుతుత్తం తెలుసు. నీలంగా పలుకుల్లా ఉంటుంది. అది రాగి నుంచి తయారయ్యేదే. మైలుతుత్తం 1 కిలో, సున్నం 1 కిలో, నీళ్లు 100 లీటర్లు కలిపితే బోర్డో మిశ్రమం అవుతుంది. దాన్ని చల్లితే తెగుళ్లు అదుపులో ఉంటాయి.

బోర్డో అనేది ఫ్రాన్సు దేశంలో ఒక ప్రాంతం పేరు. అక్కడ ద్రాక్షతోటలు ఎక్కువ. దారిన పోయేవాళ్లు పండ్లు కోయకుండా, దారి పక్క తీగల మీద రైతులు మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవాళ్లు. ఆకులు నీలంగా, అసహ్యంగా కనపడితే ఎవరూ ముట్టరని వాళ్ల ఉపాయం. ఒక ఏడు తోటలకు బూజు తెగులు వచ్చింది. తోట లోపలి తీగలు ఎండిపోయాయి. దారి పక్క తీగలు మాత్రం పచ్చగా ఉన్నాయి. మిల్లార్డే అనే శాస్త్రవేత్త దీన్ని గమనించాడు. పరీక్షలు చేసి 1885లో అందరికీ చెప్పాడు.

అంటే రాగి మొక్కల బూజును కూడా అణుస్తుంది.

కానీ జాగ్రత్త! మైలుతుత్తం విషం. రాగి మంచిది కదా అని దాన్ని నీళ్లలో, మందుల్లో కలిపి తాగకూడదు. పిల్లలకు అందకుండా దాచాలి.

8. రాగి చెడు చేసేది ఎప్పుడు?

మన ఒంటికి రాగి కొంచెం అవసరం. ఎక్కువైతే హాని. పులుపు తగిలితే రాగి ఎక్కువగా కరుగుతుంది. మజ్జిగ, పెరుగు, చింతపండు పులుసు, నిమ్మరసం రాగి గిన్నెలో, ఇత్తడి గిన్నెలో ఉంచితే ఆకుపచ్చ చిలుము పడుతుంది. అది తింటే వాంతులు, కడుపునొప్పి వస్తాయి.

ఇది మన పెద్దలకు తెలుసు. అందుకే వంట గిన్నెలకు లోపల కళాయి పెట్టించేవాళ్లు. గిన్నెను కాల్చి, నవాసారం చల్లి, తగరం పూస్తారు. అప్పుడు కూరకు రాగి తగలదు. తగరం బదులు సీసం కలిపి పూస్తే మాత్రం అది విషమే.

మరి పసిపిల్లల సంగతి? ఇది తల్లులందరూ గుర్తు పెట్టుకోవాలి. ఒకప్పుడు మన దేశంలో పసిపిల్లలకు కాలేయం చెడిపోయే జబ్బు ఒకటి ఉండేది. పొట్ట ఉబ్బేది. ఎంతోమంది బిడ్డలు చనిపోయారు. 1980 తర్వాతి ఏళ్లలో డాక్టర్లు పూణే ప్రాంతంలో దీని కారణం వెతికారు. ఆ బిడ్డల కాలేయంలో రాగి చాలా ఎక్కువగా పేరుకుని ఉంది. వాళ్లలో చాలామందికి తల్లిపాలు తొందరగా మాన్పించారు. ఆవుపాలు, గేదెపాలు పట్టారు. ఆ పాలను కళాయి లేని ఇత్తడి, రాగి గిన్నెల్లో కాచి, అందులోనే ఉంచారు. పాలు రాగిని పీల్చుకుంటాయి. ఆ గిన్నెల వాడకం తగ్గాక ఆ జబ్బు కూడా బాగా తగ్గిపోయింది.

కాబట్టి పసిపిల్లల పాలు రాగి గిన్నెలో, ఇత్తడి గిన్నెలో కాచవద్దు. నిల్వ ఉంచవద్దు. ఆరు నెలల దాకా తల్లిపాలే పట్టండి.

9. మీరు అడిగే ప్రశ్నలు

మా కేంద్రంలో ఈ పాఠం చదివినప్పుడు చాలామంది ప్రశ్నలు వేశారు. వాటిలో కొన్ని ఇవి.

"పంతులమ్మా, మా ఇంట్లో రాగి బిందె ఉంది. ఇక నీళ్లు కాచే పని లేదా?"

"పెద్దమ్మా, మామూలు రోజుల్లో శుభ్రమైన కుళాయి నీళ్లు వడకట్టి రాగి బిందెలో పోసుకో. మంచిదే. కానీ ఊళ్లో వాంతులు, విరేచనాలు వచ్చినప్పుడు రాగిని నమ్ముకుని కూర్చోవద్దు. నీళ్లు మరిగేదాకా కాచి చల్లార్చి తాగాలి. లేదంటే క్లోరిన్ బిళ్ల వేసుకోవాలి. కాచితే క్రిమి నిమిషాల్లో చస్తుంది. రాగికి 16 గంటలు కావాలి. రోగం అంతసేపు ఆగదు కదా!"

"అంగట్లో కొన్న రాగి సీసా అసలుదో నకిలీదో ఎట్లా తెలుస్తుంది?"

"అయస్కాంతం పెట్టి చూడన్నా. రాగికి అయస్కాంతం అంటుకోదు. అంటుకుంటే లోపల ఇనుము ఉన్నట్టు. చింతపండు రుద్ది కూడా చూడు. పాత రాగి వెంటనే రంగు తేరుతుంది. ఎంత రుద్దినా మార్పు లేకపోతే పైన వార్నిష్ ఉండవచ్చు. సీసా లోపల వార్నిష్ ఉంటే నీళ్లకు రాగి తగలదు. డబ్బు దండగ."

"ఇత్తడి బిందె అయితే పనికి రాదా?"

"క్రిములను చంపుతుంది వదినా. కానీ రాగి కంటే నిదానం. కొన్ని రకాల ఇత్తడిలో సీసం కూడా కలిసి ఉంటుంది. సీసం పిల్లల మెదడుకు చెడు చేస్తుంది. తాగే నీళ్లకు రాగి నయం."

"సీసా పోయింది సరే. రోజంతా రాగి నీళ్లే తాగవచ్చా?"

"శుభ్రమైన పాత్రలో మామూలు నీళ్లు అయితే భయం లేదు మామా. నిమ్మరసం కలిపి మాత్రం అందులో ఉంచవద్దు. కొందరికి పుట్టుకతోనే ఒంట్లో రాగి పేరుకునే జబ్బు ఉంటుంది. వాళ్లు డాక్టరును అడగకుండా తాగకూడదు."

10. చెయ్యి కడిగిన డాక్టరు

రాగి కాక ఇంకో ఉపాయం ఒకటి ఉంది. ఖర్చు తక్కువ. బలం ఎక్కువ. అది చేతులు కడుక్కోవడం.

1847లో వియన్నా నగరంలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు ఉండేవాడు. ఆయన పనిచేసే కాన్పుల వార్డులో తల్లులు జ్వరంతో చనిపోతుండేవాళ్లు. ఆ ఏడు ఏప్రిల్ నెలలో 100 మందికి 18 మంది చనిపోయారు. డాక్టర్లు శవాలను కోసి చూసి, అదే చేతులతో కాన్పులు చేస్తున్నారని ఆయన గ్రహించాడు. క్లోరిన్ కలిపిన సున్నపు నీళ్లతో అందరూ చేతులు కడుక్కోవాలని గట్టిగా చెప్పాడు. జూన్ నెలకల్లా చావులు 100కి 2కు దిగాయి.

రాగి కడ్డీ లేదు. కొత్త యంత్రం లేదు. కడిగిన చేతులే ఆ తల్లులను కాపాడాయి.

రాగికి ఖరీదు ఎక్కువ. మన ఊరి ఆస్పత్రిలో మంచాలన్నిటికీ రాగి తొడుగు వేయించడం తేలిక కాదు. కానీ మనం అడగగలిగినవి, చేయగలిగినవి ఉన్నాయి.

ఆస్పత్రిలో కుళాయి, సబ్బు ఉన్నాయా? చూడాలి. లేకపోతే పంచాయతీలో అడగాలి.

మంచం కడ్డీలు, తలుపు పిడులు రోజూ తుడుస్తున్నారా? అడగాలి. స్టీలు మెరుస్తున్నంత మాత్రాన శుభ్రం అని కాదు.

రోగిని చూడటానికి గుంపుగా వెళ్లకూడదు. రోగి మంచం మీద కూర్చోకూడదు. ముట్టుకునే ముందు, ముట్టుకున్న తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

కాన్పు చేసే మనిషి చేతులు కడుక్కున్నదా లేదా అని అడగడానికి సిగ్గుపడకూడదు. అడగడం మన హక్కు.

పాత బడికి, పాత ఆస్పత్రికి ఇత్తడి గడియలు, పిడులు ఉంటే వాటిని పీకి అమ్మనివ్వకండి. తోమి ఉంచండి. వాటి మీద రంగు వేయకండి.

గుర్తుంచుకోండి

రాగి తాకితేనే పని చేస్తుంది.

రాగి తోమితేనే బాగా పని చేస్తుంది.

రాగి టైము ఇస్తేనే పని చేస్తుంది.

పులుపుకు, పసిపిల్లల పాలకు రాగి, ఇత్తడి గిన్నెలు వద్దు.

రాగి ఉన్నా చేతులు కడగాలి. రోగాలు వచ్చిన రోజుల్లో నీళ్లు కాచాలి.

కొత్త మాటలు

సూక్ష్మజీవి: కంటికి కనపడని ప్రాణి

సూక్ష్మదర్శిని: చిన్నవాటిని పెద్దగా చూపే పరికరం

తుత్తునాగం: జింకు

చిలుము: రాగి, ఇత్తడి మీద పట్టే ఆకుపచ్చ పొర

కళాయి: గిన్నె లోపల పూసే తగరం పూత

ఖాళీలు పూరించండి

1. ఇత్తడిలో రాగి, ........ కలిసి ఉంటాయి.

2. బెంగుళూరు పరీక్షలో నీళ్లను రాగి కుండలో ........ గంటలు ఉంచారు.

3. మైలుతుత్తం మనిషికి ........ .

4. పసిపిల్లల పాలు ........ గిన్నెలో కాచకూడదు.

లెక్క చేయండి

1. రాగి బిందె సాయంత్రం 6 గంటలకు నింపాం. 16 గంటలు ఎప్పటికి పూర్తవుతాయి?

2. ఒక వార్డులో 200 మంది రోగులు ఉన్నారు అనుకోండి. 100కి 8 మంది చొప్పున కొత్త రోగం వస్తే ఎందరికి వస్తుంది? 100కి 3 మంది చొప్పున వస్తే ఎందరికి వస్తుంది? ఎందరు తప్పించుకున్నట్టు?

చర్చించండి

1. మన ఇళ్లల్లో రాగి, ఇత్తడి పాత్రలు ఎవరెవరి దగ్గర ఉన్నాయి? వాటిని దేనికి వాడుతున్నాం? దేనికి వాడకూడదు?

2. మన ఊరి ఆస్పత్రిలో అందరి చేతులూ తాకే వస్తువులు ఏవి? వాటి పట్టిక రాయండి. వాటిని రోజుకు ఎన్నిసార్లు తుడుస్తున్నారో అడిగి పక్కన రాయండి. ఆ పట్టికను గ్రామసభలో చదవండి.